2023 వార్షిక నివేదిక: ఏడు కొండల్లో ఎత్తయిన కొండ

మన తెలుగు సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు కార్యవర్గం తరఫున నమస్కారం. ఉగాది, వినాయక చవితి, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఫొటోలు, ఖర్చుల పట్టిక మీకు ఇదివరకే అందాయి కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది మన సమయంలో పెద్ద వాటా తీసుకున్నది మన ఊరు టాలహాసీలోని ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం, అంటే అందరూ ఫామ్‌యూ అని పిలిచే విద్యాసంస్థ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. పదమూడు ఆటల్లో పన్నెండు గెలిచి రెండు కిరీటాలు అందుకున్న ఆ సీజన్‌కే ఈ నివేదికను కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. టాలహాసీలో స్థిరపడిన మనలో చాలామందికి నిన్నమొన్నటి దాకా ఫుట్‌బాల్ అంటే ఇదే ఊళ్లోని మరో విశ్వవిద్యాలయమైన ఫ్లోరిడా స్టేట్ జట్టు ఒక్కటే. మన సభ్యుల్లో కొందరు ఫామ్‌యూలో చదువుతున్నారు, మరికొందరు అక్కడే పాఠాలు చెబుతున్నారు. అయినా రైలు పట్టాలకు అవతల ఒక కొండ మీద ఉన్న ఫామ్‌యూ మైదానం బ్రాగ్ మెమోరియల్ స్టేడియంలో మనం సంఘంగా అడుగుపెట్టిన రోజు ఈ ఏడాదికి ముందు ఒక్కటీ లేదని పాత నివేదికలు తిరగేస్తే తెలిసింది. నల్లజాతి పిల్లలకు తెల్లవారి కళాశాలల్లో ప్రవేశం లేని కాలంలో, 1887 అక్టోబరు 3న, పదిహేనుమంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులతో మొదలైన సంస్థ ఫామ్‌యూ. తమ ప్రాంగణం ఊరిలోని ఏడు కొండల్లో ఎత్తయిన కొండ మీద ఉందని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. ఈ మాట విన్న మన పెద్దవారొకరు, "ఏడుకొండలు ఇక్కడ పెట్టుకుని ఇన్నాళ్లూ ఎక్కలేదా మీరు?" అని కార్యవర్గాన్ని నిలదీశారు. మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ కొండకు ఫుట్‌బాల్ కొత్త కాదు. జేక్ గైథర్ 1945 నుంచి 1969 వరకు అక్కడ శిక్షకుడిగా ఉండి రెండు వందలకు పైగా విజయాలు సాధించారు. 1964 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల స్వర్ణం గెలిచిన బాబ్ హేస్ ఆయన శిష్యుడే. 1978లో రూడీ హబ్బర్డ్ నేతృత్వంలో ఫామ్‌యూ, మసాచుసెట్స్ జట్టును 35–28తో ఓడించి, అమెరికా కళాశాలల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఆ ఏడాదే మొదలుపెట్టిన వన్ డబుల్ ఏ అనే రెండో స్థాయి విభాగంలో తొలి జాతీయ విజేతగా నిలిచింది. బ్రాగ్ స్టేడియం మైదానానికి కెన్ రైలీ పేరు పెట్టారు. ఫామ్‌యూలో బంతి విసిరి దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, తర్వాత సిన్సినాటి బెంగాల్స్ అనే ప్రొఫెషనల్ జట్టులో పేరు తెచ్చుకున్న ఆయనకు, మరణించిన మూడేళ్లకు, 2023 ఆగస్టులో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం దక్కింది.

సీజన్ మాత్రం చిక్కుతో మొదలైంది. అనుమతి లేకుండా జట్టు లాకర్ గదిలో ఒక ర్యాప్ పాట చిత్రీకరణ జరిగినందుకు శిక్షకుడు విల్లీ సిమన్స్ జులైలో ఫుట్‌బాల్ కార్యకలాపాలన్నిటినీ కొద్దిరోజులు నిలిపివేశారు. పొరుగునే ఉన్న క్విన్సీ పట్టణంలో పెరిగిన మనిషి కనుక ఊరివాళ్ల కోపం, ప్రేమ రెండూ ఆయనకు తెలుసు. అంతకుముందు ఏడాది తొలి ఆటకు ముందే అర్హత పత్రాల సమస్యతో ఇరవై మంది ఆటగాళ్లు ఆగిపోయారు. ఆ తర్వాతి వారం మయామీ గార్డెన్స్‌లో జాక్సన్ స్టేట్ చేతిలో 59–3 తేడాతో చావుదెబ్బ తగిలింది. సరిగ్గా అదే జట్టుతో, అదే మయామీ గార్డెన్స్‌లో, 1933లో ఫామ్‌యూవారే మొదలుపెట్టిన ఆరెంజ్ బ్లోసమ్ క్లాసిక్ పోటీలో సెప్టెంబరు 3న 28–10తో గెలిచినప్పుడు, ఈ ఏడాది లెక్క వేరని మన సభ్యుల్లో ఆట తెలిసినవారికి అర్థమైంది. మరుసటి వారం పై స్థాయి విభాగంలో ఆడే సౌత్ ఫ్లోరిడా చేతిలో 38–24తో ఓడిపోయారు. సీజన్ మొత్తంలో ఓటమి అదొక్కటే.

ఆట తెలియని పెద్దలకోసం సెప్టెంబరులో మన యువజన బృందం ఒక సాయంత్రం నియమాలు వివరించింది. నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలన్న ఒక్క ముక్క పట్టుబడితే మిగతాది దానంతటదే వస్తుందని చెప్పి, డ్రాయింగ్ రూమ్ తివాచీ మీద గజాలు గీసి చూపించారు. నిజానికి మనవారిని ముందుగా కట్టిపడేసింది ఆట కాదు, మార్చింగ్ హండ్రెడ్ అనే ఫామ్‌యూ బ్యాండు. మోకాళ్లు నడుం దాకా లేపుతూ వరసలు వరసలుగా వాళ్లు మైదానంలోకి దిగుతుంటే డప్పుల మోత మనం కూర్చున్న బల్లల్లోంచి వెన్నులోకి పాకింది. అర్ధ విరామంలో తినుబండారాలకోసం లేద్దామనుకున్నవారు ఒక్కరూ లేవలేదు.

డిసెంబరు 2వ తేదీ గురించి వివరంగా రాయాలి. ఆ మధ్యాహ్నం బ్రాగ్ స్టేడియంలో ప్రెయిరీ వ్యూ జట్టును 35–14తో ఓడించి, 2021లో తాము చేరిన నల్లజాతి కళాశాలల కూటమి స్వాక్‌లో ర్యాట్లర్స్, అంటే ఫామ్‌యూ జట్టువారు, మొదటి టైటిల్ అందుకున్నారు. అదే రాత్రి ఫ్లోరిడా స్టేట్ జట్టు షార్లెట్‌లో లూయీవిల్‌ను 16–6తో ఓడించి తన కూటమి విజేత అయింది. మర్నాడు, ఒక్క ఓటమీ లేకున్నా ఫ్లోరిడా స్టేట్‌కు జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌లో చోటు లేదన్న వార్త వచ్చి ఊరంతా అలిగి కూర్చుంది. ఆ అలకలో మనమూ పాలుపంచుకున్నాం కానీ, పట్టాలకు అవతల గెలిచినవారికి పండుగ చేయడం మరచిపోకూడదని గుర్తుచేసింది మన విద్యార్థి సభ్యులే.

అందుకే డిసెంబరు 16న తెల్లవారకముందే మూడు వ్యాన్లలో అట్లాంటా బయలుదేరాం. నల్లజాతి కళాశాలల రెండు కూటముల విజేతలు తలపడే సెలబ్రేషన్ బౌల్ అది. 2015లో మొదలైనప్పటి నుంచి అప్పటివరకు జరిగిన ఏడు పోటీల్లో స్వాక్ జట్టు గెలిచింది ఒక్కసారే. ఎదురుగా వాషింగ్టన్ నుంచి వచ్చిన హోవార్డ్ విశ్వవిద్యాలయ జట్టు. స్టేడియం గేటు దగ్గర మన పులిహోర పొట్లాలు ఆగిపోయాయి. పారదర్శకమైన సంచులే తీసుకురావాలన్న నిబంధనను చదవకపోవడం పూర్తిగా కార్యదర్శిగా నా పొరపాటు. లోపల హోవార్డ్ ముందంజ వేసినప్పుడు మనవైపు మాటలు తగ్గాయి. క్వార్టర్‌బ్యాక్ జెరెమీ మూసా ఒత్తిడికి లొంగకుండా జట్టును నడిపించగా ఫామ్‌యూ 30–26తో గెలిచింది. తేడా నాలుగే కావడంతో, ఆరు పాయింట్లు తెచ్చే ఒక్క టచ్‌డౌన్ పడితే అంతా తారుమారేనని పక్క సీట్లోని అబ్బాయి పదేపదే చెబుతుంటే, తివాచీ మీద ఆట నేర్చుకున్న పెద్దాయన, "తెలుసులే బాబూ, ఊరుకో" అన్నారు. పులిహోర సాయంత్రం పార్కింగ్‌లో, ఫామ్‌యూ రంగులైన నారింజ, ఆకుపచ్చ చొక్కాలు వేసుకున్న అపరిచితులతో పంచుకుని తిన్నాం.

2024 జనవరిలో సిమన్స్ డ్యూక్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. ఆయన సహాయకుల్లో ఒకరైన జేమ్స్ కోల్జీకి జట్టు పగ్గాలు అప్పగించారు. రాబోయే సీజన్‌కు సొంత మైదానంలో జరిగే రెండు ఆటలకైనా సామూహికంగా టికెట్లు ముందే కొనాలని, ఆ ఖర్చును పిక్నిక్ పద్దు నుంచి సర్దాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీనిపై సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నాం. పారదర్శక సంచులు ఇప్పటికే కొన్నాం. అవి కోశాధికారి గారి ఇంట్లో ఉన్నాయి.