తూటా కేసులకు తడి టంబ్లరే మేలు

సంపాదకులకు,

అమెరికాలో కాల్చిన తూటాల ఇత్తడి కేసులను (ఖాళీ గొట్టాలను) కడిగి మళ్ళీ తుపాకి మందు నింపుకోవడం మామూలే. (భారత్‌లో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు.) కొత్తగా మొదలుపెట్టేవారు చౌకని పొడి టంబ్లర్ (నీళ్ళు లేకుండా కేసులను కదిలించి శుభ్రం చేసే యంత్రం) కొంటున్నారు. ప్రైమరులోని (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలోని) సీసం అందులో దుమ్మై లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి టంబ్లర్‌లో నీళ్ళలోనే ఉండిపోతుంది.

కొనేటప్పుడు డ్రమ్ము సైజు కన్నా మోటారు ఎంత బరువు తిప్పగలదో చూడండి. 15 పౌండ్లదైతే కేసులను రుద్దే సన్నని స్టీలు పిన్నులు 5, ఇత్తడి కేసులు 2 పౌండ్లు, మిగతా నీళ్ళు. అంటే గాలనుకు కాస్త తక్కువ. గిన్నెల సబ్బు ఒక టేబుల్ స్పూను, నిమ్మ ఉప్పు పావు టీ స్పూను చాలు. నిమ్మ ఉప్పు ఎక్కువైతే పైపొర జింకు కరిగి ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది, చింతపండులో నానబెట్టి మరిచిన చెంబులాగా. అమ్మోనియా ఉన్న పాలిష్ అసలు వద్దు, కేసులు పగుళ్ళిస్తాయి.

ముందుగా పాత ప్రైమర్లు తీసేయాలి, లేకపోతే అవి కూర్చునే గుంటల్లో మసీ తడీ మిగిలిపోతాయి. రెండు మూడు గంటలు చాలు. అంతకు మించి తిప్పితే కేసుల మూతి అంచులు ఒకదానికొకటి కొట్టుకుని మొద్దుబారతాయి. 22 క్యాలిబర్ (సుమారు 0.22 అంగుళాల గుండు పట్టే) రైఫిల్ కేసుల సన్నని మెడలో రెండేసి పిన్నులు ఇరుక్కుంటాయి, ప్రతిదీ వెలుతురుకు పెట్టి చూడాల్సిందే. ఎండలో పూర్తిగా ఆరాకే మందు నింపాలి. సీసం అంటే ప్రమాదం ఉంది కాబట్టి వంట ఓవెన్‌లో ఆరబెట్టకండి, గ్లవ్స్ మరవకండి.

— ఒక పాఠకుడు, డాలస్, టెక్సస్