బ్యాగులో టార్చిలైటు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఐదో తరగతి పాప బ్యాగులో, పుస్తకాల అడుగున ఒక చిన్న టార్చిలైటు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు కనిపించాయి. ఎందుకమ్మా అంటే, "తుఫాను వస్తే బస్సు రాదు కదా మిస్" అంది. ఇంట్లో టీవీలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, మర్నాడు రెండో పీరియడ్‌కల్లా ఆ పాపకి కడుపునొప్పి. మేం అజీర్తి అనుకుని వాము నీళ్ళు కూడా తాగించాం! (ఇంట్లోవాళ్ళని అడిగే ఇది రాస్తున్నాను.)

మన విశాఖకి హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న. అప్పటికి ఈ పాప పుట్టనే లేదు. ఆ గాలి హోరు విన్నది మనం. ఏటా ఈ రోజుల్లో "ఎయిర్‌పోర్టు పైకప్పే లేచిపోయింది" అని భోజనాల దగ్గర చెప్పుకునేదీ మనమే. పిల్లలు అన్నం కలుపుకుంటూ అంతా వింటారు. 2020 మేలో గోపాలపట్నం దగ్గరి ఫ్యాక్టరీలో జరిగిన గ్యాస్ లీకు సంగతీ అంతే. అటువైపు నుంచి వచ్చే కొందరు పిల్లలు ఏ కాస్త ఘాటు వాసన తగిలినా కంగారుపడిపోతారు.

చెప్పుకోవద్దని నేననను. కథని పైకప్పు దగ్గర ఆపేయకండి, అంతే. పక్కింటివాళ్ళతో మంచినీళ్ళు పంచుకున్నదీ, కరెంటు వచ్చిన రాత్రి వీధంతా కేకలు పెట్టిందీ కూడా చెప్పండి. వాళ్ళు వినకుండా పోతున్నది ఆ రెండో సగమే.

"ఏం కాదులే" అని నేనూ చాలాసార్లు అన్నాను. అలా అంటే పిల్లలు అడగడం మానేస్తారు గానీ భయపడడం మానరు. తుఫాను సంగతి రోజుల ముందే తెలుస్తుందనీ, అవసరమైతే కలెక్టరుగారు సెలవు ఇస్తారనీ చెప్పండి. బిందెలు నింపడమో, ఫోన్లు చార్జింగ్ పెట్టడమో ఒక పని అప్పగించండి. చేతిలో పని ఉంటే భయం కొంత తగ్గుతుంది.

దాచిపెట్టడం వల్ల ఇంకో చిక్కు. తాతగారు పోతే ఒక చిన్నబాబుతో "ఊరెళ్ళారు" అన్నారట. ఇప్పుడు వాళ్ళ నాన్న డ్యూటీ మీద ఊరెళ్తానన్నప్పుడల్లా వాడు కాళ్ళు పట్టుకుని వదలడం లేదు. చనిపోయారన్న మాట చెప్పడం మనకి కష్టం, నిజమే. కానీ వాడికి ఆ మాటే తేలిక.

భయమేస్తోందని బడి మాన్పించకండి. ఆ పూటకి హాయిగానే ఉంటుంది, మర్నాడు గేటు దాటడం ఇంకా కష్టమవుతుంది. పూట బడికైనా పంపండి, మేం చూసుకుంటాం. పై తరగతుల పిల్లలు టెన్షన్ పైకి చెప్పరు. నిద్ర, తిండి, చిరాకు గమనించండి. రెండు వారాలైనా తేరుకోకపోతే డాక్టరుకి చూపించండి. చచ్చిపోవాలని ఉందన్న మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరెత్తితే మనలో చాలామందికి మొహమాటం. జ్వరానికి కేజీహెచ్‌కి వెళ్ళడానికి లేని మొహమాటం దీనికెందుకో నాకర్థం కాదు.

టార్చిలైటు మేం తీసుకోలేదు. కొత్త సెల్స్ వేయించమని వాళ్ళ నాన్నగారికి చెప్పాం. బిస్కెట్లు మాత్రం ఆ రోజు లంచ్ బెల్లుకే అయిపోయాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు