పిల్లల నోట వచ్చే మాటల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల యూకేజీ, ఒకటో తరగతి పేరెంట్స్ మీటింగ్‌లో చేతిరాత గురించి, టిఫిన్ డబ్బాల గురించి మాట్లాడుకుందామని కూర్చున్నాం. సగం టైం వేరే విషయానికే పోయింది. ఒక తల్లి లేచి, "మా పాప నిన్న వాళ్ల నాన్నను పోరా వెధవా అంది. అది మా ఇంటి మాట కాదు, ఇక్కడే నేర్చుకుంది" అన్నారు. వెనక వరసలోంచి ఒక తండ్రి వెంటనే, "మా నాయన మనవణ్ణి రోజూ అట్లనే పిలుస్తాడు మేడం, ముద్దుకు అంటాడు, దానికింత రచ్చెందుకు" అన్నారు. అక్కడినుంచి ఎవరి పిల్ల ఎవరికి నేర్పింది అనే దాకా పోయింది. ఒక జంటైతే మా ఎదురుగానే ఒకరి మాట ఒకరు కొట్టేసుకున్నారు. ఆ రోజు అందరికీ సర్దిచెప్పేసరికి మీటింగ్ అయిపోయింది కాబట్టి, స్కూలు తరఫున చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చేద్దాం. ఆ రోజు వచ్చిన ఫిర్యాదుల్లో కొన్నింటికి తిట్లతో సంబంధమే లేదు. "యాడికి పోతాండావు", "ఏందిరా", "ఏమప్పా" లాంటివి మోటుగా ఉన్నాయని, తమ పిల్లలకు అంటకుండా చూడమని కొందరు అడిగారు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు మన కర్నూలు. బయటి జిల్లాల ఉద్యోగులు వచ్చి క్యాంపుల్లో, అంటే ప్రభుత్వ క్వార్టర్ల కాలనీల్లో, కాపురాలు పెట్టిన ఊరు. రకరకాల తెలుగు, పాతబస్తీ ఉర్దూ, ఆదోని వైపు నుంచి వచ్చేవాళ్ల కన్నడం ఇక్కడ కలిసే వినిపిస్తాయి. బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లకు మన మాట గట్టిగా అనిపించడం సహజమే. గట్టిగా మాట్లాడితే తిట్టినట్టు కాదు. యాసను మేం దిద్దం, దాని మీద ఫిర్యాదులు తీసుకోం.

ఇక అసలు సంగతి. నాలుగైదేళ్ల పిల్లలకు మాట, దాన్ని అన్న గొంతు, అన్న సందర్భం అన్నీ ఒకే ముద్దగా అందుతాయి. అర్థం చాలా తర్వాత వస్తుంది. మొన్న యూకేజీ గదిలో ఒక బాబు చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. చివరిది పెట్టగానే అంతా కూలింది. వాడు నడుం మీద రెండు చేతులు పెట్టుకుని, తల ఒక పక్కకు విదిలించి, "థూ, నీ యబ్బ" అన్నాడు. మొహంలో కోపం లేదు. పక్కనున్న పాప వింతగా చూస్తే, "బోరు మోటరు ఆడకపోతే మా తాత ఇట్లే అంటాడు" అని వివరంగా చెప్పాడు కూడా. ఏదైనా చెడిపోతే పెద్దమనుషులు అనాల్సిన మాట అదేనని వాడి లెక్క. టీచర్ నవ్వు కనపడకుండా బీరువా వైపు తిరిగారు.

ఆమె చేసింది సరైన పని. ఈ వయసులో ఒక మాట నిలబడాలా పోవాలా అన్నది, అది విన్నవాళ్లు ఏం చేశారన్నదాన్ని బట్టే ఉంటుంది. పిల్లాడు "ముండ" అనగానే ఇంటిల్లిపాదీ పకపకా నవ్వి, "ఇంకోసారి అను నాన్నా, మామకు వినిపిద్దాం" అని ఫోన్ తీస్తే ఆ మాట పదిసార్లు వస్తుంది. వారం తర్వాత చుట్టాల ముందు అదే మాట అంటే చెంప పగులుతుంది. మొన్న నవ్విన మాటకు ఇవాళ దెబ్బ ఎందుకు పడిందో వాడికి ఎట్లా తెలియాలి? కేకలు వేసినా లాభం లేదు. ఒక్క చిన్న మాటకు ఇంట్లో అందరూ పని ఆపి తన వైపు తిరిగారంటే, అది వాడు దాచిపెట్టుకునే మాటే. "నోట్లో కారం పెడతా" అనే బెదిరింపు మన ఇళ్లలో ఇంకా ఉంది, కొందరు నిజంగానే పెడుతున్నారు. దయచేసి మానేయండి. ఆ చెయ్యి కంటికి తగిలితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. పైగా దానివల్ల పిల్లలు నేర్చుకునేది, ఆ మాట మీ చాటున అనాలని మాత్రమే.

స్కూల్లో మేం చేసేది చాలా చప్పగా ఉంటుంది. టీచర్ దగ్గరికి వెళ్లి మామూలు గొంతుతో, "ఆ మాట ఇక్కడ అనం. పడిపోతే అయ్యో అను, చాలు" అని చెప్పి తన పనిలో పడతారు. క్లాసు ముందు నిలబెట్టరు, డైరీలో ఎర్ర సిరాతో రాయరు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది టీచర్ల నోటికీ వర్తిస్తుంది. "గాడిదా", "దున్నపోతా", "మట్టిబుర్రా" అనిపించుకుంటూ చదువుకున్నవాళ్లమే మనలో చాలామందిమి. ఇక్కడ అవి నడవవు. మీ పిల్లలు అట్లాంటిది విన్నామని చెబితే నేరుగా నా దగ్గరికి రండి.

ఒకటో తరగతి పిల్లలు తమంతట తామే ఒక ఉపాయం కనిపెట్టారు. పెన్సిల్ మొన విరిగినా, గీత వంకర పోయినా "ఓరి ఉగ్గాణీ!" అని మన బొరుగుల టిఫిన్ పేరు అంటున్నారు. ఎవడో ఒకడు మొదలుపెట్టాడు, నాలుగు రోజుల్లో గదంతా పాకింది. దీని మీద కూడా ఒక ఫిర్యాదు వచ్చింది. మాట మారింది గానీ ఆ విదిలింపు తిట్టుదే కదా అన్నారు. నిజమే. చిరాకు ఎటో ఒకవైపు పోవాలి, ఉగ్గాణి మీదికి పోతే ఎవరికీ నష్టం లేదు. కావాలంటే బజ్జీని కూడా కలుపుకోమన్నాను.

మనవణ్ణి వెధవా అని పిలిచే తాతగారితో నాకు పేచీ లేదు. మీ ఇంట్లో ఏ మాట ఉండాలో స్కూలు చెప్పదు. అయితే ఆ బాబు అదే మాట తెచ్చి పక్కన కూర్చున్న పిల్లను అంటే, ఆ పిల్లకు ఆ తాతా తెలియడు, ఆ ముద్దూ తెలియదు. ఇంటికెళ్లి ఏడుస్తుంది. అందుకని స్కూల్లో వద్దంటున్నాం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు మన దగ్గర ఎంతోమంది ఉన్నారు. తాత దగ్గర ఒక మాట, స్కూల్లో ఒక మాట అనే తేడా వాళ్లకు పెద్ద కష్టం కాదు.

మేం పట్టు విడవనివి వేరే ఉన్నాయి. కులం పేరునే తిట్టుగా వాడటం. ఒంటి రంగును, నడకను, చూపును, నత్తిని పట్టి పిలవడం. ఎదుటివాళ్ల తల్లిని అనడం. విచిత్రం ఏమిటంటే, వీటి మీద మాకు వచ్చే ఫిర్యాదులు చాలా తక్కువ. "నీ యబ్బ" వినగానే గగ్గోలు పెట్టే ఇంట్లోనే "ఆ కుంటోడు", "ఆ నల్లపిల్ల", "ఫలానా కులపోళ్ల మాదిరి ఆ గుడ్డలేంది" అనేవి అన్నం తింటూ తింటూ అనేస్తారు. అవి తిట్ల లెక్కలోకే రావు. పిల్లలు మాత్రం వాటినీ అంతే శ్రద్ధగా క్లాసుకు మోసుకొస్తారు. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. వికలాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఏడేళ్లలోపు పిల్లలు చేసినదాన్ని చట్టం నేరంగా చూడదు. పెద్దవాళ్లకు ఆ మినహాయింపు లేదు. ఇట్లాంటి మాట వస్తే ఆ రోజే ఇంటికి ఫోన్ చేస్తాం, అన్న పిల్లతోనూ పడ్డ పిల్లతోనూ విడివిడిగా కూర్చుని మాట్లాడతాం.

భార్యాభర్తలకు ఈ విషయంలో కుదరడం లేదని మీటింగ్ తర్వాత చాలామంది విడిగా వచ్చి చెప్పారు. ఒకరు "ఇంతదానికి ఇంత రాద్ధాంతమా" అంటారు, ఇంకొకరికి "మా పుట్టింట్లో ఇట్లాంటివి ఎరగం" అని బాధ. నాకు అర్థమైనంత వరకు అందులో సగం గొడవ ఎవరి ఇల్లు మర్యాదైనది అనేదాని మీదే. అది పిల్లలు పడుకున్నాక తేల్చుకోండి. పిల్లాడు అన్నప్పుడు మాత్రం ఇద్దరిలో ముందు ఎవరు పలికితే ఆ మాటే నిలబెట్టండి, రెండోవాళ్లు అడ్డం రావద్దు. మీ నోరే జారితే "సారీ నాన్నా, నోరు జారింది" అని అక్కడితో వదిలేయండి. నేను అనలేదని బుకాయిస్తే వాళ్లు నమ్మరు.

గేటు సంగతి కూడా ఉంది. సాయంత్రం బెల్లు కొట్టాక బైకులు, ఆటోలు ఇరుక్కున్నప్పుడు అక్కడ వినిపించేవి ఈ ఉత్తరంలో రాయలేను. ఆటో డ్రైవర్లతో మాట్లాడాను. "రాజ్‌విహార్ దగ్గర బస్సు అడ్డమొస్తే నోరు ఊరుకోదు మేడం, పిల్లలున్నప్పుడు పాటలు పెట్టుకుంటాం" అని ఒకాయన ఒప్పుకున్నాడు. బైకుల మీద వచ్చే నాన్నలకు, మామలకు ఆ సాకు కూడా లేదు. సోమవారం నుంచి యూకేజీ పిల్లలను పది నిమిషాలు ముందే పక్క గేటు నుంచి పంపిస్తాం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వీలుంటే తాతలను, అవ్వలను, జేజిలను కూడా పంపండి. రోజులో ఎక్కువసేపు పిల్లలు ఉండేది వాళ్ల దగ్గరే. మెట్లెక్కే పని లేకుండా కింది హాల్లోనే కుర్చీలు వేయిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు