జ్ఞాపకశక్తి, నిద్ర, నడక: సభ్యుల మెదడు ఆరోగ్యంపై మన సంఘం వార్షిక నివేదిక

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి మన సంఘం గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు. ఎప్పటిలాగే ఈ నివేదికలో ఎవరి పేరూ, ఏ ఊరి పేరూ కనిపించదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇచ్చిన గోప్యత హక్కును బయటివారికి గుర్తుచేసే మనం దానిని ముందుగా మన కాగితాలలో పాటించాలి.

ఇన్నేళ్లుగా సంఘం సభ్యులను అడిగినవి రెండే ప్రశ్నలు: మందులు వేసుకుంటున్నారా, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) ఎంత వచ్చింది? ప్రభుత్వం 2004లో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన రోజులలో బతకడమే పెద్ద సంగతి కనుక ఆ ప్రశ్నలు సరిపోయేవి. అప్పుడు ముప్పై ఏళ్ల వయసున్నవారు ఇప్పుడు యాభై దాటారు. పొయ్యి మీద పాలు మరచిపోవడం, పంటు దిగాక ఏ పని మీద వచ్చామో తట్టకపోవడం, చిల్లర లెక్క తప్పడం వంటి మాటలు నెలవారీ సమావేశాలలో తరచుగా వినిపిస్తున్నందున, ఈ ఏడాది పనిలో ఎక్కువ భాగాన్ని మెదడు ఆరోగ్యానికే కేటాయించాం. నిజానికి ఇది ఎప్పుడో చేయవలసిన పని, ఆలస్యం కార్యవర్గానిదే.

మతిమరుపు కనిపించగానే ‘జబ్బు తలకెక్కింది’ అని ఇంట్లోవారు అనడం, సభ్యులు దానిని నమ్మి కుంగిపోవడం మేము చాలాసార్లు చూశాం. వైరస్ సోకిన తొలి వారాలలోనే మెదడులోకి చేరుతుందన్నది నిజమే. అది అక్కడి రోగనిరోధక కణాలలో చేరి రేపే వాపు వల్ల నరాల కణాలు దెబ్బతింటాయి. అయితే క్రమం తప్పక మందులు వాడేవారిలో, ఒకప్పుడు చూసిన తీవ్రమైన మతిభ్రంశం ఇప్పుడు అరుదు. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగా పడిపోయాక మందు మొదలుపెట్టినవారిలో ఆలోచన కొంత నెమ్మదించడం, ఒకేసారి రెండు పనులు చూసుకోలేకపోవడం మిగిలిపోవచ్చు. దానికి బీపీ, షుగరు, పొగాకు, మద్యం, నిద్రలేమి, దిగులు తోడైతే అసలు కారణం ఏదో తేల్చడమే కష్టమవుతుంది. అందుకే సభ్యులను మతిమరుపు గురించి అడగడానికి ముందు బీపీ చూపించుకోమని కోరాం.

నిద్ర విషయంలో మాకే తెలియని సంగతి ఒకటి బయటపడింది. ఎఫావిరెంజ్ అనే పాత హెచ్‌ఐవీ మందు వాడిన కాలంలో తలతిరుగుడు, పీడకలల కారణంగా మాత్రను పడుకోబోయే ముందు వేసుకోమనేవారు. ఇప్పుడు ఇస్తున్న, మూడు మందులు కలిసిన టీఎల్‌డీ మాత్రలోని డోలుటెగ్రావిర్ అనే మందు కొందరికి నిద్ర చెడగొడుతుంది. మాత్ర మారింది కానీ మన వేళ మారలేదు! అటువంటివారు ఏఆర్‌టీ కేంద్రంలో అడిగి ఉదయం పూటకు మార్చుకోవచ్చు. గ్యాస్ మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు వాడేవారు కూడా వాటికీ దీనికీ మధ్య ఎంత ఎడం ఉండాలో అక్కడే తెలుసుకోవాలి. వెంటవెంటనే వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు.

ఉప్పు తగ్గించే ప్రయత్నంలో మేము ఓడిపోయామని ఒప్పుకోవాలి. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, ఎండుచేపల కూర ఒకే విస్తరిలో ఉండే మన ఇళ్లలో ఆ చెంచా మధ్యాహ్నానికే ఖాళీ. మానమనకుండా, రెండింటిలో ఏదో ఒకటే వడ్డించుకోమని చెప్పాక కొందరైనా విన్నారు. లంక పొగాకు చుట్ట మానినవారు మాత్రం తక్కువే.

కాలువగట్టు మీద ఉదయపు నడక మహిళా సభ్యులలో నిలిచింది. పొలం పనే నడక కదా అని పురుషులు వాదించారు. వరి నాట్లు, కోతల రోజులకు ఆ వాదన చెల్లుతుంది, మిగిలిన నెలలకు చెల్లదు. సమావేశం తరువాత అష్టాచెమ్మా, పులి-మేక ఆడించడం మొదలుపెట్టాం. ఆటలతో మతిమరుపు నయమవుతుందని మేము చెప్పడం లేదు. కానీ ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం కూడా మతి తగ్గడానికి ఒక కారణమని వైద్యులు చెబుతున్న నేపథ్యంలో, భర్తను పోగొట్టుకుని ఇల్లు కదలని ఒక అమ్మ ఆట కోసమే రావడం మాకు తృప్తినిచ్చింది. దిగులు వదలనివారు 14416 నంబరుకు ఫోను చేసి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీమానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

మాత్ర వేసుకున్నామో లేదో గుర్తులేనివారికి వారానికి సరిపడే గడుల డబ్బాలు ఇచ్చాం. తమకు హెచ్‌ఐవీ ఉందని ఇంట్లోవారికి తెలియని సభ్యులు వాటిని తీసుకోలేదు. వారికి సాటి సభ్యులు ఫోనులో మాత్ర మాట ఎత్తకుండా ‘టీ తాగారా?’ అని గుర్తుచేసే ఏర్పాటు చేశాం. లంక గ్రామాలవారు వరద ఎర్రనీరు రాకముందే అదనపు నెల మందులు అడిగి తెచ్చుకోవాలని మళ్లీ కోరుతున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ చివరిసారి బీపీ, షుగరు చూసిన చీటీని వెంట తీసుకురావలసిందిగా మనవి.

కార్యవర్గం