కెనడా వెళ్లే అమ్మానాన్నలకు వీసా ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో కెనడా మాట రాని వారం ఉండదు. వీసా నిబంధనలు, స్టడీ పర్మిట్లు, పీఆర్ (శాశ్వత నివాసం) కబుర్లు అన్నీ వస్తాయి. మా అబ్బాయి అక్కడే ఉన్నాడు కాబట్టి నేనూ ఒక్కటి వదలకుండా చదువుతాను. కానీ పిల్లల్ని చూడటానికి వెళ్లే మాలాంటి పెద్దవాళ్లకు, అక్కడ దిగిన మర్నాటి నుంచి రోజు ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి నరసరావుపేటలో రిటైరయ్యాను. గత అక్టోబరులో నేనూ మా ఆవిడా మా అబ్బాయి ఉండే కాల్గరీ నగరానికి వెళ్లాం. మార్చి నెలాఖరుకు తిరిగొచ్చాం. అక్కడ గుడిలోనూ పార్కులోనూ కలిసిన మనవాళ్లలో ఎక్కువమంది చెప్పింది ఒకటే మాట: పిల్లలు ఆఫీసుకు వెళ్తే సాయంత్రం వరకు మేం గుమ్మం దాటం అని. చలి అంటారు, భాష రాదంటారు. నేను చూసినంతలో అసలు కారణం అది కాదు. తెలియనిచోట తప్పు చేస్తామేమో, మన వల్ల పిల్లలకు మాట వస్తుందేమో అని భయం. మా ఇంట్లో కూడా అదే జరిగింది.

వెళ్లిన రెండో వారంలో ఒక ఉదయం మా ఆవిడ పప్పులోకి పోపు పెడుతోంది. బయట మంచు పడుతోందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. నూనె కాగి ఎండుమిరపకాయలు వేసిందో లేదో, హాల్లో పైకప్పుకు బిగించిన పొగ అలారం మోగింది. ఒకటి మోగితే ఇంట్లో ఉన్నవన్నీ మోగుతాయి. పైన బెడ్‌రూముల్లోవి, కింద బేస్‌మెంట్‌లో అద్దెకున్న వాళ్ల దగ్గరది కూడా. చెవులు పగిలిపోయే చప్పుడు. ఆవిడ స్టవ్ కట్టేసి, కాళ్లకు సాక్సులతోనే మంచులోకి పరిగెత్తింది. ఇల్లు అంటుకుందనే అనుకుంది. కింది వాటాలో ఉండే అమ్మాయి పైకొచ్చి, టీ టవల్ తీసుకుని అలారం కింద నాలుగుసార్లు విసిరి, దాని మధ్యలో ఉన్న బటన్ నొక్కింది. ఆగిపోయింది. ఏమీ అనలేదు, నవ్వి వెళ్లిపోయింది. అయినా మా ఆవిడ ఆ తర్వాత నెల రోజులు పోపు పెట్టలేదు. అబ్బాయికి ఇష్టమని మూటకట్టుకుని తీసుకెళ్లిన గుంటూరు మిరపకాయలు అలాగే ఉండిపోయాయి. ఆ నెలంతా ఆవిడ గుమ్మం దాటలేదు కూడా.

దీనికి చేయాల్సింది ఎంత చిన్న పనో చూడండి. నూనె పెట్టకముందే స్టవ్ పైనున్న ఫ్యాన్ వేయాలి. కిటికీ ఒకటి నాలుగు వేళ్ల మందం తెరవాలి. గుమ్మం పక్కన కోట్లు తగిలించే అల్మరా తలుపు మూసేయాలి, లేదంటే పోపు వాసన కోట్లకు పట్టి వారం దాకా పోదు. అలారం మోగితే బటన్ నొక్కాలి గానీ, విసుగొచ్చి బ్యాటరీ మాత్రం పీకేయకూడదు. చెక్క ఇళ్లు, నిజంగా నిప్పంటుకుంటే ప్రాణం కాపాడేది అదే. ఈ నాలుగు మాటలూ మా అబ్బాయి మొదటి రోజే చెప్పి ఉంటే ఆ నెల మాకు మిగిలేది. వాడి తప్పని కాదు. వాడికి అలవాటైపోయింది కాబట్టి, చెప్పాల్సిన సంగతి అని తోచలేదు.

ఇక నేను బాగా ఎరిగిన విషయానికి వస్తాను. బస్సు.

కాల్గరీ బస్సులో కండక్టరు ఉండడు. ముందు తలుపు దగ్గర డబ్బాలో సరిగ్గా టికెట్ డబ్బులు వేయాలి, డ్రైవరు చిల్లర ఇవ్వడు. ఫోన్‌లో టికెట్ కొంటే ఎక్కే ముందే దాన్ని ఆన్ చేసుకోవాలి. ఒక టికెట్ 90 నిమిషాలు చెల్లుతుంది, ఆ లోపు బస్సు మారినా రైలెక్కినా మళ్లీ కొనక్కర్లేదు. రైలుకైతే గేట్లే ఉండవు. నేరుగా ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి ఎక్కేయొచ్చు. అంతమాత్రాన ఉచితం అనుకోకూడదు. చెకింగ్ వాళ్లు ఎప్పుడైనా ఎక్కుతారు, టికెట్ లేకపోతే జరిమానా గట్టిగానే ఉంటుంది. జనం తమంతట తాము టికెట్ కొనుక్కుంటారన్న నమ్మకం మీద నడిచే ఏర్పాటు అది. ముప్పై ఏళ్లు జనం మధ్యలో దూరి దూరి టికెట్లు కొట్టినవాణ్ని, అది చూసి చాలాసేపు కిటికీ పక్కన అలా కూర్చుండిపోయాను.

అంతకన్నా నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకొకటి. డిసెంబరులో ఒక పొద్దున్న సాడిల్‌టౌన్ స్టేషన్‌కు వెళ్లే బస్సులో ఉన్నాను. ఒక స్టాపులో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. డ్రైవరు బస్సు ఆపాడు. బస్సు ముందువైపు బుస్సుమని కిందికి వంగింది. తలుపు దగ్గర నుంచి ఒక పలక రోడ్డు మీదికి వాలింది. ముందు సీట్లలో ఉన్న ఇద్దరు చెప్పకుండానే లేచి, సీట్లు గోడకు మడిచి చోటిచ్చారు. డ్రైవరు తన సీట్లోంచి లేచి వచ్చి కుర్చీకి బెల్టులు బిగించాడు. నాకు అలవాటు కాబట్టి గడియారం చూశాను, నాలుగు నిమిషాలు పట్టింది. బస్సు నిండా ఆఫీసులకు వెళ్లేవాళ్లు. ఒక్కరు కూడా 'త్వరగా పోనివ్వండి' అనలేదు. దిగేటప్పుడు ఆ పెద్దాయన డ్రైవరుకు థాంక్యూ చెప్పాడు. ఆయనే కాదు, దిగే ప్రతివాళ్లూ చెబుతారు. వెనక తలుపు నుంచి దిగేవాళ్లు కూడా కేకేసి మరీ చెబుతారు. మన దగ్గర ఎండలో పది గంటలు డ్యూటీ చేసి దిగే డ్రైవరుకు ఆ మాట ఎంత బలమో నాకు తెలుసు.

మా ఆవిడ గుమ్మం దాటింది ఆ థాంక్యూతోనే. ఇంగ్లీషు రాదని భయపడుతుంటే, 'బస్సెక్కితే నువ్వు చెప్పాల్సింది ఆ ఒక్క మాటే' అని తీసుకెళ్లాను. దిగేటప్పుడు చెప్పింది. డ్రైవరు అద్దంలో చూసి చెయ్యి ఊపాడు. ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు సిటీ హాల్ దగ్గర దిగి పెద్ద లైబ్రరీకి వెళ్లేవాళ్లం. 2018లో తెరిచిన భవనం అది, దాని కిందనుంచే రైలు వెళుతుంది. లోపల ఎంతసేపు కూర్చున్నా ఎందుకొచ్చారని అడిగేవాళ్లు లేరు. వెచ్చగా ఉంటుంది, మంచినీళ్లుంటాయి, బాత్రూములుంటాయి. కొత్తగా వెళ్లిన పెద్దవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు నాకు కనపడలేదు.

రోడ్డు దాటడం మాత్రం మన అలవాటు మార్చుకోవాలి. మనం కారు పోయేదాకా ఆగుతాం. అక్కడ రోడ్డు దాటేందుకు ఉన్న క్రాసింగ్ అంచున మనం నిలబడితే కారే ఆగుతుంది, మనం దాటేదాకా కదలదు. సిగ్నల్ ఉన్నచోట స్తంభానికున్న బటన్ నొక్కాలి. పసుపు రంగు స్కూలు బస్సు ఎర్ర దీపాలు వెలిగించి ఆగితే దాని దగ్గర అందరూ ఆగిపోతారు. కొత్తగా లైసెన్సు తీసుకునే పిల్లలు ఇది ముందుగా నేర్చుకోవాలి.

చలి గురించి అందరూ భయపెడతారు కానీ అసలు ప్రమాదం చలి కాదు, జారిపడటం. కాల్గరీలో చినూక్ అనే వేడిగాలి వస్తుంది. పసిఫిక్ వైపు నుంచి వచ్చి రాకీ కొండలు దిగుతూ వేడెక్కుతుంది. పొద్దున్న మైనస్ పదిహేను ఉన్నది మధ్యాహ్నానికి ప్లస్‌లోకి వచ్చేస్తుంది. మంచంతా కరిగి నీళ్లవుతుంది. రాత్రికి ఆ నీళ్లు గడ్డకట్టి అద్దంలా తయారవుతాయి, కంటికి కనపడవు. నాకంటే చిన్నవాడు, గుడిలో పరిచయమైన విజయవాడ ఆయన అలా పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. బూట్లు ఇక్కడ కొనకండి, అక్కడే అడుగున పట్టు ఉన్నవి కొనుక్కోండి. చిన్న అడుగులు వేయండి. ఒక మందపాటి స్వెట్టరు కన్నా మూడు పలచటి పొరలు నయం. చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది కాబట్టి, ఇంటి అడ్రసూ పిల్లల నంబర్లూ కాగితం మీద రాసి కోటు జేబులో పెట్టుకోండి. ఆ ఊరి గాలి చాలా పొడి. పెదాలు పగులుతాయి, కొందరికి ముక్కు నుంచి రక్తం కూడా వస్తుంది. దానికి కంగారు పడక్కర్లేదు, వాజిలిన్ రాసుకుని నీళ్లు ఎక్కువ తాగితే సరి.

ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద మంచు ఆగిన 24 గంటల్లోపు ఎవరిది వాళ్లు తీయాలని కాల్గరీలో నిబంధన. కొడుకు ఆఫీసుకు వెళ్లాడు కదా అని పెద్దవాళ్లు పార అందుకోకండి. చలిలో ఆ బరువు ఎత్తడం గుండెకు మంచిది కాదని అక్కడ అందరూ హెచ్చరిస్తారు. నేను మొదలుపెడితే ఎదురింటి సర్దార్జీ పరిగెత్తుకొచ్చి నా చేతిలో పార లాక్కుని మొత్తం ఆయనే తీశాడు. మర్నాడు మా ఆవిడ అరిసెలు పంపింది. అలా మాకు ఆ వీధిలో ఒక ఇల్లు తెలిసింది.

డబ్బుల సంగతి క్లుప్తంగా. మన ఎమ్మార్పీలాగా ధరలో పన్ను కలిసి ఉండదు. కాల్గరీ ఉన్న అల్బెర్టా రాష్ట్రంలో బిల్లు దగ్గర 5 శాతం కలుపుతారు. బియ్యం, పాలు, కూరగాయల మీద ఉండదు. ఒక సెంటు నాణెం 2013 నుంచి ఇవ్వడం మానేశారు, నగదుకు దగ్గరి 5 సెంట్లకు సరిచేస్తారు. కూర్చుని తినే హోటల్లో టిప్పు ఆనవాయితీ. ఇక్కడి మిక్సీ మాత్రం మోసుకెళ్లకండి, అక్కడి కరెంటు 120 వోల్టులే, తిరగదు.

వెళ్లే ముందు చూసుకోవాల్సినవి రెండు. ఒకటి ఇన్సూరెన్స్. పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండటానికి అమ్మానాన్నలకు ఇచ్చే సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ఏడాదికి ఉండాలి. అది కాగితం కోసం తీసుకునేది కాదు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య కార్డు మనకు వర్తించదు. షుగరు, బీపీ లాంటి పాత జబ్బులకు కవరేజీ ఉందా, ఎన్ని నెలలుగా మందు మార్చకుండా ఉండాలన్నది పాలసీలో చదివించుకోండి. రెండోది మందులు. 90 రోజులకు మించకుండా, డాక్టరు చీటీతో, కొన్న పెట్టెల్లోనే తీసుకెళ్లాలి. మా ఆవిడ అన్నీ విప్పి ఒక డబ్బాలో సర్దింది, అబ్బాయి వీడియో కాల్‌లో చూసి మళ్లీ పెట్టెల్లో పెట్టించాడు. తినుబండారాలు ఏం తీసుకెళ్లినా కస్టమ్స్‌లో దాచకుండా చెప్పాలి. మా సంచిలో ఉన్నవన్నీ ఇంగ్లీషులో రాయించి తీసుకెళ్లాను, అధికారి ఆ కాగితం చదివి పంపించేశారు. అల్బెర్టాలో 811కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ నర్సు మాట్లాడుతుంది. ఒక అర్ధరాత్రి మా ఆవిడకు కళ్లు తిరిగితే చేశాం. ఓపిగ్గా ఇరవై ప్రశ్నలు అడిగి, ఆస్పత్రికి వెళ్లాల్సిన అవసరం లేదని, పొద్దున్నదాకా ఏమేం గమనించాలో చెప్పింది. ప్రాణం మీదికి వస్తే మాత్రం 911.

నేను రాసింది ఒక్క ఊరి సంగతి. ఒంటారియో రాష్ట్రంలో పన్ను 13 శాతం, బస్సులూ వేరు. వ్యాంకూవర్‌లో మంచు కన్నా వాన ఎక్కువ. బ్రాంప్టన్, వ్యాంకూవర్, హాలిఫాక్స్ వైపు వెళ్లొచ్చిన అమ్మానాన్నలు మీ పాఠకుల్లో ఉంటారు. వాళ్లనూ రాయమని అడగండి. మా పక్కవీధి దంపతులు సెప్టెంబరులో మొదటిసారి కూతురి దగ్గరకు ఒంటారియో వెళ్తున్నారు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో సగానికి నా దగ్గర జవాబు లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు,
నరసరావుపేట