పైకి పంపే చీటీ ఉంది, కిందికి వచ్చేది లేదు

సంపాదకులకు నమస్కారం.

మాది ఉదయగిరి పక్క పల్లె. షుగర్ ఎక్కువైందని మా అమ్మను పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి పైకి, చివరికి నెల్లూరులో ఒక పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మందులు మార్చారు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. మా ఊరి నర్సు ఏఎన్‌ఎం గారు మళ్లీ పాత మాత్రలే ఇవ్వబోయారు, పాపం ఆమె తప్పేముంది?

లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 5 వేల జనాభాకు సబ్‌సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం), 30 వేలకు పీహెచ్‌సీ, 1.20 లక్షలకు సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) ఉండాలి. మెట్లు బాగానే కట్టారు గానీ అవి ఎక్కడానికే తప్ప దిగడానికి పనికిరావడం లేదు. డిశ్చార్జి కాగితం నకలు సొంతూరి సెంటర్‌కు పంపితే చాలు. ఫోన్‌లో ఫొటో అయినా సరే.

ఇంకో మాట. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పళ్లు గారపడతాయి. మోతాదు బాగా ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుంటాయి. నొప్పులకు మాత్రలిస్తారు, నీళ్లు మాత్రం వేరే శాఖ పనంటారు! ప్రాథమిక ఆరోగ్యంపై ప్రపంచ దేశాలు చేసిన 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన మంచినీటిని కూడా ప్రాథమిక ఆరోగ్య సేవల్లోనే చేర్చింది. మండల సమావేశంలో డాక్టరునూ నీటి సరఫరా ఇంజినీరునూ పక్కపక్కన కూర్చోబెట్టి, ఏ బోరు మూయాలో తేల్చమని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉదయగిరి మండలం, నెల్లూరు జిల్లా