మా ఊరి హాలు లేచింది, అందరికీ కృతజ్ఞతలు

అన్నలకు, అక్కలకు, పేరు రాయొద్దని చెప్పి మరీ మా హాలుకి చందా పంపిన పెద్దలకు నమస్కారం. మొన్న శనివారం మా ఊరి కమ్యూనిటీ హాలు తెరిచారు. ఈ మాట మీ చెవిన వేస్తే గానీ నాకు నిద్ర పట్టేట్టు లేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. నేను పాఠాలు చెప్పే ఈ ఊరు అలాస్కా పడమటి తీరంలో, అక్కడి మూలవాసులైన యూపిక్ జనం ఉండే పల్లె. రోడ్డు లేదు. ఈ ప్రాంతానికి పట్నంలాంటి బెతెల్ నుంచి చిన్న విమానం రావాలి, అదీ గాలి ఒప్పుకుంటేనే. 2022 సెప్టెంబరులో మెర్బోక్ తుఫాను బేరింగ్ సముద్రాన్ని ఊళ్ళ మీదికి తోసినప్పుడు మా పాత హాలు స్తంభాల మీద నుంచి లేచి పక్కకి ఒరిగిపోయింది. అప్పటి నుంచి అన్నిటికీ బడి జిమ్మే దిక్కు. కౌన్సిల్ మీటింగూ అక్కడే, బింగో అక్కడే, పోయినవాళ్ళ నలభయ్యో రోజు భోజనాలూ అక్కడే. ఒకసారి ఆ భోజనాలకీ పిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కీ ఒకే సాయంత్రం పడింది. మ్యాచ్ ఆగిపోయింది, పిల్లలు నోరెత్తలేదు.

హాలు పోతే ఇంత బాధ దేనికని మీలో ఒకరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. పూర్వం ఇక్కడ ప్రతి ఊళ్ళో కస్గిక్ ఉండేది. నేలలోకి తవ్వి, నదిలో కొట్టుకొచ్చిన దుంగలు పేర్చి, పైన మట్టిగడ్డలు కప్పిన పెద్ద గది. మగవాళ్ళు, ఎదిగిన మగపిల్లలు అందులోనే పడుకునేవారు. పడవ చట్రం కట్టడం నుంచి వేట మర్యాదల దాకా పిల్లలు అక్కడే నేర్చుకునేవారు. చలికాలం పండుగలూ ఆటపాటలూ దానిలోనే. మన రచ్చబండకి గోడలూ కప్పూ పెట్టి, బడినీ గుడినీ అందులోకే తెచ్చినట్టు. 1900లో వచ్చిన మహమ్మారి ఇక్కడి ఊళ్ళని తుడిచిపెట్టింది, మిషనరీలు చాలాచోట్ల నాట్యాలు మాన్పించారు, కస్గిక్‌లు క్రమంగా పోయాయి. వాటి పని కొంతైనా మోస్తున్నవి ఈ హాళ్ళే.

ఇక అసలు కృతజ్ఞత. ఈ టండ్రాలో చెట్టు మొలవదు. కలప, ప్లైవుడ్డు, రేకులు సియాటెల్‌లో కొంటే ఒక ధర. అవి బార్జి (సరుకు మోసే చదును పడవ) మీద బెతెల్ చేరి, చిన్న బార్జిలోకి మారి, మా ఒడ్డున దిగేసరికి వేరే ధర. అదీ మంచు విడిచిన ఆ నాలుగు నెలల్లోనే దిగాలి, తప్పితే మళ్ళీ ఏడాది. తలుపు మీద పేరు పడుతుందంటే చందా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. బార్జి కిరాయి కట్టమంటే ముఖం చాటేస్తారు. మీరు మాత్రం “ముందు వాళ్ళకేం కావాలో అడిగి చెప్పమ్మా” అన్నారు. కౌన్సిల్ పెద్దలు కిరాయి అన్నారు, మీరు కిరాయే కట్టారు. ఆ డబ్బు ఏ గోడలోనూ కనపడదు గానీ, అది లేకపోతే ఆ గోడలు సియాటెల్ రేవు దాటేవి కావు.

హ్యూస్టన్ ఇంజనీరు అన్నయ్యగారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడ నేల అడుగున మట్టి ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. ఇంటి వేడి దిగితే కరిగి, ఇల్లు కుంగుతుంది. అందుకే నేలకీ గచ్చుకీ మధ్య చలిగాలి ఆడేలా స్తంభాల మీద కడతారు. ఆయన మొదటి వీడియో కాల్‌లోనే “నావి వేడి దేశపు లెక్కలు, ముందు ఊరి వడ్రంగుల్ని చెప్పనివ్వండి” అని పెన్ను పట్టుకుని కూర్చున్నారు. స్తంభాల కింద మర జాకీలు పెట్టాలన్నది వాళ్ళ మాటే. ఏ మూల కుంగినా తిప్పి సరిచేసుకోవచ్చు. ఏటిగట్టు వదిలి మెట్టకి జరగాలన్నదీ పెద్దల మాటే. గట్టు కోసుకుపోయి న్యూటాక్ ఊరు ఊరంతా మెర్టార్విక్‌కి తరలిపోవడం వాళ్ళు చూసినవాళ్ళు మరి.

కట్టింది ఊరివాళ్ళే, ఈ మాట గట్టిగా చెప్పాలి. బార్జి దిగిన రోజు పిల్లా పెద్దా ఒడ్డునే ఉన్నారు. హోండాలకి (నాలుగు చక్రాల బండి ఏదైనా ఇక్కడ హోండాయే) ట్రైలర్లు కట్టి, చెక్కబాట మీద వరసగా ప్లైవుడ్డు లాగారు. వేట, చేపల కాలం మధ్య ఖాళీ చేసుకుని మరీ పనిచేశారు.

శనివారం రాత్రి మగవాళ్ళు ముందు మోకాళ్ళ మీద, ఆడవాళ్ళు వెనక నిలబడి, చేతుల్లో విసనకర్రలతో ఆడారు. డప్పులు ఒక్కో విడతకీ జోరెక్కుతాయి. “పమ్యువా!” అని ఎవరైనా కేకేస్తే పాట మళ్ళీ అందుకోవాల్సిందే. నా క్లాసు కుర్రాడొకడు మొదటిసారి ఆడాడు. తొలి ఆటకి ఇంటివాళ్ళు జనానికి కానుకలు పంచాలి. వాళ్ళ అమ్మమ్మ మేజోళ్ళు, తువ్వాళ్ళు, బకెట్లు పంచింది. నా వంతుకి ఒక జత రబ్బరు గ్లోవులు వచ్చాయి, పనికొచ్చేవే. నేను చేసిన పులిహోర దుప్పిమాంసం సూపు పక్కన పెట్టారు. ఒక పెద్దాయన దాని మీద సీల్ జంతువు నూనె పోసుకుని తిని, ఇంకాస్త వెయ్యమన్నారు.

కౌన్సిల్ తరఫున మీ అందరికీ “కుయానా”, అంటే యూపిక్‌లో కృతజ్ఞతలు, చెప్పమన్నారు. మిగిలిన సొమ్ముతో హాలుని వెచ్చబరిచే పొయ్యికి నూనె కొంటామని అడిగారు, అభ్యంతరం ఉంటే ఈ నెలాఖరులోగా నాకు చెప్పండి. రసీదులన్నీ డబ్బు పంపినవాళ్ళకి విడిగా పంపుతున్నాను. వేసవిలో చూడ్డానికి వస్తామన్నవాళ్ళు రండి. రబ్బరు బూట్లు మాత్రం మీవే తెచ్చుకోండి, దోమల మందు కూడా.